రోటే దీవి గురించి నేను రాసిన పద్నాలుగు పేజీలు

నేను రోటే దీవికి ఎప్పుడూ వెళ్ళలేదు. విమానంలో దాని మీదుగా కూడా పోలేదు. కానీ ఆ దీవిలో ఒక పల్లె గురించి ఇంగ్లీషులో పద్నాలుగు పేజీలు రాశాను. అవి ఇప్పుడు కెనడా ప్రభుత్వం వారి ఫైలులో ఎక్కడో ఉన్నాయి. వాటి చివర ఉన్న సంతకం నాది కాదు. ఆ పల్లెలో పుట్టిన మనిషిది.

రోటే ఇండోనేషియాకు దక్షిణపు కొసన ఉంటుంది. దానికి కింద ఇక సముద్రమే, ఆ సముద్రానికి అవతల ఆస్ట్రేలియా. ఈ సంగతి బ్రాంప్టన్ లైబ్రరీలోని పెద్ద అట్లాసులో చూసి తెలుసుకున్నాను. ఆమె పల్లె ఆ అట్లాసులో లేదు. వేరే మూడు పటాల్లో వెతికినా కనపడలేదు. కనపడనందుకు నాకు లోపల సంతోషమే కలిగింది. ఎవరికీ తెలియని ఊరు నాకు తెలియబోతోంది అనుకున్నాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. కెనడాకు వచ్చిన రెండో నెలలో లైబ్రరీ కార్డు తీసుకున్నాను. నా సొంత పేరు మీద ఇక్కడ వచ్చిన మొదటి కార్డు అదే. మా ఆయన ట్రక్కు నడుపుతాడు, వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. పాప స్కూలుకు పోయాక ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేక బస్సెక్కి లైబ్రరీకి పోయేదాన్ని. మొదట పిల్లల పుస్తకాలు, తర్వాత పెద్ద పుస్తకాలు, పక్కన డిక్షనరీ. తేనెటీగల గురించి చదివాను. అగ్నిపర్వతాల గురించి, మూత్రపిండాల గురించి, టర్కీ సుల్తానుల గురించి చదివాను. మా తెలుగు వాళ్ళంతా ఐటీ ఉద్యోగులు, డిగ్రీల మీద డిగ్రీలున్నవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో భోజనాల దగ్గర ఏదో మాట వస్తే నేను మెల్లగా సరిచేసేదాన్ని. "ఆంటీ, మీకు ఇవన్నీ ఎట్లా తెలుసు?" అని ఎవరైనా అడిగితే ఆ వారమంతా నా నడక వేరుగా ఉండేది.

పాప హైస్కూలుకు వచ్చాక ఒక సీనియర్స్ హోమ్‌ వంటింట్లో ఉద్యోగంలో చేరాను. ముసలివాళ్ళకు ట్రేలు సర్దడం నా పని. ఎవరికి ఉప్పు తగ్గించాలి, ఎవరికి తిండి మెత్తగా చేయాలి, అన్నీ చీటీల మీద రాసి ఉంటాయి. గిన్నెలు తోమే మెషీను దగ్గర ఒక ఇండోనేషియా ఆమె పనిచేసేది. నాకంటే పదేళ్ళు చిన్నది. పొట్టిగా, గట్టిగా ఉండేది. వేడి నీళ్ళ ఆవిరిలో ఎనిమిది గంటలు నిలబడి కూడా విసుక్కోకుండా ఏదో కూనిరాగం తీసేది.

ఒక మధ్యాహ్నం బ్రేక్ రూములో ఆమె ఒక సీసా మూత తీసి, నల్లగా చిక్కగా ఉన్నదేదో గ్లాసు నీళ్ళలో కలుపుకుంది. ఆ వాసన నాకు తెలుసు.

"ఇది తాటి పాకం కదా?" అన్నాను.

ఆమె ఆగిపోయింది. మా ఇద్దరి ఇంగ్లీషూ వచ్చీరాని ఇంగ్లీషే, మాటలు ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

"నీకెలా తెలుసు? ఇక్కడ ఎవరూ కనుక్కోరు. సూపర్‌వైజర్ దగ్గు మందు అనుకుంది."

"మా నాన్న తాటిచెట్లు గీసేవాడు."

కెనడాలో ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. మా వాళ్ళ మధ్య 'మాది వ్యవసాయం' అని చెప్పి ఊరుకునేదాన్ని.

ఆమె గ్లాసు నా వైపు జరిపింది. "మా నాన్న కూడా," అంది. "రోజుకు ఇరవై చెట్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మీ నాన్న ఎన్ని?"

"ఎప్పుడూ లెక్క అడగలేదు."

"అడగాల్సింది. మగవాళ్ళకు అది గొప్ప కదా."

ఆ రోజు మా నాన్న నడుముకు కట్టుకునే మోకు గురించి, చెట్టుకు కట్టే లొట్టి గురించి నేను చెప్పాను. వాళ్ళ దగ్గర మట్టి కుండ కట్టరట. తాటాకునే బుట్టలా మడిచి కడతారట, చుక్క కూడా కారదట. మా ఊళ్ళో ఆ నీళ్ళు కల్లయ్యేవి. వాళ్ళ ఊళ్ళో వాటిని కాచి పాకం చేసి, ఏడాదంతా దాచుకుని, నీళ్ళలో కలుపుకుని తాగితే ఒక పూట భోజనమట. అప్పటి నుంచి ఆమె నన్ను 'కాకా' అని పిలిచింది. వాళ్ళ వైపు అక్కను అలాగే పిలుస్తారట. మా ఇళ్ళలో కాకా అంటే చిన్నాన్న అని చెబితే పడీపడీ నవ్వింది. నేను ఆమెను 'చెల్లె' అన్నాను.

బ్రేక్‌లో ఆమె ఊరికి వీడియో కాల్ చేసేది. తెర మీద కూతురు కనపడేది. జడ వేసుకుని, పుస్తకాలు ముందు పెట్టుకుని ఉండేది. "హలో ఆంటీ" అనేది నాతో. ఆ పిల్లకు ఏడేళ్ళప్పుడు ఈమె ఊరు విడిచింది. ముందు హాంకాంగ్‌లో ఇళ్ళ పని, తర్వాత ఇక్కడ ఒక ముసలావిడకు తోడుగా పర్మిట్ మీద వచ్చింది. ఆ ముసలావిడ పోయింది. ఈమె పర్మనెంట్ రెసిడెన్సీ కాగితాలు చూస్తానన్న ఏజెంటు గడువు దాటనిచ్చి ఫోన్ ఎత్తడం మానేశాడు. మా హోమ్ వాళ్ళు పర్మిట్ పొడిగించడానికి ఒప్పుకున్నారు గానీ, అది ఆమె ఒక్కదానికే. కూతురిని తెచ్చుకోవాలంటే పీఆర్ కావాలి. కూతురికి ఇరవై రెండు నిండేలోపు అప్లికేషన్ ఆఫీసుకు చేరాలి. నిండితే ఇక పిల్ల కింద లెక్కలోకి రాదు. నాలుగు నెలలు మిగిలాయి.

ఉచితంగా సలహా ఇచ్చే ఒక లీగల్ క్లినిక్‌కు ఇద్దరం కలిసే వెళ్ళాం. అక్కడి లాయరమ్మాయి మా పాప కంటే నాలుగైదేళ్ళు పెద్దది ఉంటుంది. దారి ఒక్కటే ఉంది అంది, మానవతా కారణాల మీద అప్లై చేయడం. ఫారాలు తాను నింపుతానంది.

"ఒక స్టేట్‌మెంట్ మాత్రం మీరే రాయాలి," అని ఆమె వైపు తిరిగి చెప్పింది. "మీ మాటల్లోనే. రెండు పేజీలు చాలు. ఇక్కడ మీ జీవితం ఏమిటి, వెనక్కి పోతే మీకు ఏం జరుగుతుంది. రాశాక నాకొకసారి చూపించండి."

బయటికి వచ్చాక బస్టాపులో చెల్లె అంది: "కాకా, నాకు రాయడం రాదు. నీకు వచ్చు. నీ నోట్లో ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది, అన్నం ఎటు నుంచి పోతుందో తెలియదు."

ఇంకోసారి అడిగించుకోలేదు నేను.

మరుసటి ఆదివారం ఆమె ఒక కాగితం తెచ్చింది. రూళ్ళ నోటుబుక్కులోంచి చింపిన కాగితం, పైన తేదీ వేసి ఉంది. రాత్రంతా కూర్చుని రాశానంది. ఏడు వాక్యాలు. నా భర్త మా ఊళ్ళోనే ఉన్నాడు. మా అమ్మ ఇంటికి మూడిళ్ళ అవతల. అతను నన్ను కొట్టేవాడు, ఒకసారి చెయ్యి విరిగింది. నేను తిరిగి వస్తే అతని ఇంటికే పోవాలని వాళ్ళ అన్నదమ్ములు అంటున్నారు. పెళ్ళికి మా నాన్నకు గేదెలు ఇచ్చారు కాబట్టి నేనూ నా కూతురూ వాళ్ళ ఇంటి మనుషులమట. నా కూతురికి వాళ్ళు సంబంధం చూస్తున్నారు. నా కూతురు నర్సు కావాలనుకుంటోంది.

చదివి పక్కన పెట్టాను. అప్పుడు నా మనసులో ఏముందో దాచకుండా చెప్తాను. ఇది చాలా మామూలుగా ఉంది అనుకున్నాను. నేను పెరిగిన వాడలో మగవాడు చెయ్యి చేసుకోవడం వార్త కాదు. మా అమ్మ చెవికి సగం వినికిడి ఎందుకు పోయిందో మేం ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. అలాంటి సంగతి చదివి ఒక కెనడా ఆఫీసరు మనసు కరుగుతుందని నాకు తోచలేదు. కరగాలంటే చీకటి, కరువు, సముద్రం, తాటి పాకం మీద బతికే జనం కావాలి. అవి పుస్తకాల్లో ఉన్నాయి.

మా లైబ్రరీలో రోటే గురించి రెండు పేరాలు మించి దొరకలేదు. రిఫరెన్స్ డెస్కు దగ్గర ఉండే ఆయన వేరే ఊళ్ళ లైబ్రరీల నుంచి తెప్పించాడు. ఒకటి రెజైనా నుంచి వచ్చింది. ఒక మిషనరీ దంపతులు ఆ దీవిలో కాపురముండి రాసుకున్న జ్ఞాపకాలు. అట్ట రంగు వెలిసిపోయింది, లోపల చేత్తో గీసిన పటం. నేను పుట్టకముందు అచ్చయింది. దాన్ని ఇంతకుముందు తీసుకున్నవాళ్ళ తేదీలు చివరి పేజీలో నాలుగే ఉన్నాయి. ఐదోదాన్ని నేను. ఆ పుస్తకాన్ని నేను చదివినట్టు ఇంకెవరూ చదివి ఉండరు. నోట్సు రాసుకున్నాను, పటం గీసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. నేను రాసింది చదివి వినిపించేదాన్ని. ఆమె సగం వింటూ సగం ఫోను చూసుకుంటూ ఉండేది.

"కాకా, ఇప్పుడు కరెంటు ఉంది," అంది ఒకసారి.

"ఎప్పుడొచ్చింది?"

"నా కూతురు మూడో తరగతిలో. మా అమ్మ ఫ్రిజ్‌లో ఐస్ చేసి అమ్ముతుంది కదా, నీకు చెప్పాను."

"అంటే మొన్నమొన్నటి దాకా లేదన్నమాటే."

"లేదు. కానీ ఇప్పుడు ఉంది."

"ఆఫీసరుకు ఐస్ సంగతి ఎందుకు చెల్లె? అది మీ బతుకును తక్కువ చేసి చూపిస్తుంది."

ఆమె ఆలోచించింది. "ఐస్ మంచి వ్యాపారం," అంది చివరికి. ఇద్దరం నవ్వుకున్నాం. కరెంటు లేదనే రాశాను.

ఇంకోసారి తాటిచెట్లు ఎక్కేవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో ముగ్గురే మిగిలారని, కుర్రాళ్ళు మోటార్‌సైకిళ్ళ మీద జనాన్ని తిప్పుతున్నారని, లేకపోతే సముద్రపు నాచు పెంచుతున్నారని చెప్పింది. నేను పుస్తకం తెరిచి పేజీ చూపించాను. ఊరంతా చెట్ల మీదే బతుకుతుందని అక్కడ స్పష్టంగా ఉంది.

"వీళ్ళు ఎవరు?" అని ఆ దంపతుల ఫొటో చూసి అడిగింది.

"మీ దీవిలో చాలా ఏళ్ళు ఉన్నవాళ్ళు."

"నేను కూడా ఉన్నాను," అంది.

గేదెల మాట వచ్చినప్పుడు ఆమె ఫోను పక్కన పెట్టి వంగింది. నేను అప్పటికి ఆ అధ్యాయం రెండుసార్లు చదివాను. పెళ్ళికి అబ్బాయి వాళ్ళు అమ్మాయి ఇంటికి పశువులివ్వడం రెండు వంశాల మధ్య మర్యాద అని, ఆడదాని విలువను అది పెంచుతుందని అందులో ఉంది. మా దేశంలో కట్నం దీనికి తలకిందులు కదా, నాకది ఎంతో నచ్చింది.

"అది నిన్ను కొన్నట్టు కాదు చెల్లె. అదొక గౌరవం. నేను చదివాను."

ఆమె నా మొహం చూసింది. "గేదెలు తోలుకొచ్చినవాళ్ళు చదవలేదు కాకా," అంది.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. రెండుసార్లు ఆమె కోసమే కదా చదివాను అనిపించింది. ఆ పెళ్ళి ఆచారం గురించి పేజీన్నర రాశాను, చాలా అందంగా రాశాను. అలా రాశాక దాని పక్కనే మొగుడు చెయ్యి విరగ్గొట్టిన సంగతి పెడితే అతకలేదు. ఆ అందం పాడవుతుందనిపించింది. దాన్ని 'కుటుంబ కారణాల వల్ల ఊరు విడిచాను' అని ఒక్క ముక్కలో చేర్చాను.

రాసింది టైప్ చేసిపెట్టింది మా పాపే. అప్పటికి యూనివర్సిటీలో చేరింది. టైప్ చేస్తూ చేస్తూ ఆగింది.

"అమ్మా, హ్యావ్ యూ ఆస్క్‌డ్ హర్ ఇఫ్ ఆల్ దిస్ ఈజ్ ట్రూ?"

"పుస్తకాల్లో ఉంది నాన్నా. ఊరికే రాస్తానా?"

"దట్స్ నాట్ వాట్ ఐ ఆస్క్‌డ్."

"నువ్వు టైప్ చెయ్యి. నీకు ఆ దీవి ఎక్కడుందో కూడా తెలియదు."

లాయరమ్మాయికి చూపించలేదు. గడువు దగ్గర పడింది, అపాయింట్‌మెంట్ దొరకలేదు అని చెల్లెతో చెప్పాను. నిజానికి అపాయింట్‌మెంట్ నేను అడగలేదు. ఆ లాయరు పిల్ల పద్నాలుగు పేజీలను రెండు చేస్తుందని, నా వాక్యాలు కొట్టేస్తుందని భయం. మేమే కవరులో పెట్టి, లాయరమ్మాయి నింపిన ఫారాలకు జత చేశాం. కూతురి స్కూలు సర్టిఫికెట్లు, తల్లీకూతుళ్ళ బంధం చూపించే ఫొటోలు కూడా పెట్టాలన్నారు. చెల్లె ఓ ఇరవై ఫొటోలు ప్రింటు తీయించి తెచ్చింది. నేను వాటిని చూశాను గానీ, మొహాలే చూశాను.

సంతకం చేసేముందు ఆమె పేజీలన్నీ నెమ్మదిగా తిప్పింది.

"చాలా బాగుంది కాకా. నాకు సగం అర్థం కాలేదు. అంటే మంచి ఇంగ్లీషే అయి ఉంటుంది."

కూతురి పుట్టినరోజుకు పదకొండు రోజుల ముందు కవరు చేరినట్టు రసీదు వచ్చింది. ఆ రోజు బ్రేక్ రూములో ఆమె అందరికీ తాటి పాకం పోసింది. సూపర్‌వైజర్ కూడా తాగింది.

జవాబు రావడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో నేను రోటే నిపుణురాలినయ్యాను. మిల్టన్‌లో మా తెలుగు ఆడవాళ్ళు నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట్లో చేరి పుస్తకాల గురించి మాట్లాడుకుంటారు. ఒక నెల నన్ను మాట్లాడమన్నారు. 'తాటిచెట్టు మీద బతికే దీవి' అని పేరు పెట్టి గంట సేపు చెప్పాను. నా పటం గోడకు అతికించాను. చెల్లెను కూడా తీసుకెళ్ళాను. ఆమె పాకంతో చేసిన తీపి తెచ్చి, అరిటాకు దొరక్క ఫాయిల్ పేపర్లో చుట్టి తలా ఒకటి పంచింది.

"ఆంటీ, మీరు అక్కడ ఎన్నాళ్ళున్నారు?" అని ఒక అమ్మాయి నన్ను అడిగింది.

నేను వెంటనే లేదనలేదు. నవ్వాను. ఆ నవ్వుకు ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. గంటసేపట్లో చెల్లెను ఎవరూ ఏమీ అడగలేదు. ఒకావిడ మాత్రం తీపి రెసిపీ అడిగి, మళ్ళీ తానే "బెల్లంతో చేస్తే సరిపోతుందిలే" అంది. తిరిగి వస్తుంటే ట్రైన్‌లో చెల్లె నిద్రపోయింది. నా పటం చుట్ట చుట్టి ఒళ్ళో పెట్టుకుంది, నలగకుండా.

ఉత్తరం ఒక మార్చి నెలలో వచ్చింది. తిరస్కరణ కాదు. ముప్పై రోజుల్లో వివరణ ఇవ్వమని అడిగే ఉత్తరం. లాయరమ్మాయి దాన్ని మా ముందు పెట్టి ఒక్కొక్కటే చదివింది. ఊరికి కరెంటు లేదని మీరు రాశారు, మీరే పంపిన ఫొటోల్లో కూతురి వెనక ఫ్రిజ్ ఉంది, పైన ఫ్యాను ఉంది. రోడ్డు లేదని రాశారు, ఫొటోలో ఇంటి ముందు తారు రోడ్డు మీద మోటార్‌సైకిల్ ఉంది. పిల్లలు స్కూలు కోసం కొండ దాటి పోవాలని రాశారు, స్కూలు సర్టిఫికెట్ మీద చిరునామా అదే ఊరు. ఊరి వాళ్ళ జీవనాధారం గురించి చెప్పింది ఇప్పటి పరిస్థితితో సరిపోవడం లేదు. దరఖాస్తుదారుకు స్వయంగా ఏ ప్రమాదమూ ఉన్నట్టు చెప్పలేదు.

చివరి వాక్యం దగ్గర లాయరమ్మాయి తలెత్తింది. "మీకు ప్రమాదం ఏమీ లేదా?"

చెల్లె తన ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి, మోచేతి కింద ఎముక వంకరగా అతికిన చోటు చూపించింది. తర్వాత అంతా చెప్పింది. పది నిమిషాలు పట్టింది. లాయరమ్మాయి రాసుకుంటూ పోయింది. రాయడం ఆపి, "ఇది ఇందులో ఎందుకు లేదు? దీన్ని ఎవరు రాశారు?" అంది.

నేను నోరు తెరిచేలోపే చెల్లె అంది: "నేనే చెప్పాను. కాకా టైప్ చేయించింది అంతే."

ఎందుకలా అందో నాకు ఇప్పటికీ తెలియదు. వేరేవాళ్ళు రాసిన అబద్ధం మీద సంతకం పెట్టానంటే తనకే ఇంకా చేటని ఆమెకు తోచి ఉండొచ్చు. లేకపోతే నన్ను కాపాడిందో. ఆ తర్వాత అడగడానికి నాకు మొహం లేకపోయింది.

"మొదట్లో మీరు చేత్తో ఏమైనా రాసుకున్నారా?" అని లాయరమ్మాయి అడిగింది. "ఈ సంగతి రెండేళ్ళ కిందటే చెప్పారని చూపించే కాగితం ఏదైనా ఉంటే చాలా ఉపయోగం. లేకపోతే ఇప్పుడు కల్పించారంటారు."

ఉంది అన్నాను. తేదీ వేసి ఉందని కూడా చెప్పాను. ఇంటికి పోయి వెతికాను. నోట్సు పుస్తకాలు మూడు తిరగేశాను, పరుపు ఎత్తాను, మా ఆయన ట్రక్కు కాగితాల సంచీ కూడా దులిపాను. చివరికి గుర్తొచ్చింది. మిషనరీ దంపతుల పుస్తకంలో చదివిన చోటు తెలియడానికి ఆ కాగితాన్నే మడిచి పెట్టుకున్నాను. పుస్తకం గడువు లోపలే తిరిగి ఇచ్చేశాను. గడువు దాటనివ్వకపోవడం నాకు గర్వం.

రెజైనా లైబ్రరీకి ఫోన్ చేశాను. అవతల ఒకావిడ ఓపికగా అంతా విని, షెల్ఫు దగ్గరికి పోయి పుస్తకం తెచ్చి పేజీలన్నీ విదిలించింది. ఫోనులో ఆ చప్పుడు వినపడింది.

"ఏమీ లేదండీ. తిరిగొచ్చిన పుస్తకాల్లో దొరికే కాగితాలు మేం రీసైక్లింగ్‌లో వేసేస్తాం," అంది. తర్వాత, "మీ తర్వాత ఎవరూ దీన్ని తీసుకోలేదు," అని కూడా అంది. మామూలు రోజుల్లో అయితే ఆ మాటకు పొంగిపోయేదాన్ని.

వివరణ పంపాం. ఈసారి లాయరమ్మాయే రాసింది, రెండు పేజీలు. మూడు నెలల తర్వాత తిరస్కరణ వచ్చింది. భర్త గురించిన ఆరోపణ ఇంత ముఖ్యమైనదైతే మొదటి స్టేట్‌మెంట్‌లో ఎందుకు లేదో సంతృప్తికరంగా చెప్పలేకపోయారని అందులో ఉంది. మొదటి స్టేట్‌మెంట్ వివరంగా, శ్రద్ధగా రాసిందని కూడా ఉంది. వివరంగా, శ్రద్ధగా. ఆ రెండు మాటలూ నా గురించే.

అప్పటికి కూతురికి ఇరవై నాలుగు దాటింది. మళ్ళీ అప్లై చేసినా ఆ పిల్ల పేరు చేర్చడానికి వీల్లేదు.

నేను ఊరుకోలేదు. ఊరుకుని ఉంటే బాగుండేది. లైబ్రరీకి పోయి ఫెడరల్ కోర్టులో సవాలు చేయడం గురించి చదివి, నాలుగు పేజీల నోట్సు రాసుకుని పనికి తెచ్చాను. మెషీను దగ్గర ఆమె ప్లేట్లు పేరుస్తోంది.

"చెల్లె, ఇంకో దారి ఉంది. నేను చదివాను..."

"కాకా, ఆ ట్రేలు ఇటు పెట్టు."

పెట్టాను. "ఒక్క ఐదు నిమిషాలు విను..."

"నీళ్ళు చల్లారిపోతాయి," అంది. మెషీను మూత దించేసింది. లోపల నీళ్ళు కొట్టే చప్పుడులో ఇక మాటలు వినపడవు. అది తెరుచుకునేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. తెరుచుకున్నాక ఆవిరి మొహాన కొట్టింది. ఆమె ప్లేట్లు తీయడం మొదలుపెట్టింది. నా నోట్సు తడిసి మెత్తబడింది.

ఆ తర్వాత కూడా ఆమె నన్ను కాకా అనే పిలిచింది. పనికి సంబంధించిన మాటలే మాట్లాడింది. పొడిగించిన పర్మిట్ గడువు కూడా తీరవచ్చింది. ఏ రోజు వెళుతోందో నాకు చెప్పలేదు. ఎయిర్‌పోర్టుకు నేను తోడొస్తానని అంటే, "చూద్దాం" అంది. ఒక సోమవారం మెషీను దగ్గర కొత్త మనిషి ఉంది. శనివారమే ఆమె వెళ్ళిపోయిందని, లాండ్రీలో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆమె దింపి వచ్చిందని సూపర్‌వైజర్ చెప్పింది. "నీకు తెలుసనుకున్నాను, మీరు బాగా దగ్గర కదా," అంది.

ఐదు నెలల తర్వాత నాకొక మెసేజ్ వచ్చింది. ఆమె దగ్గర నుంచి కాదు, కూతురి దగ్గర నుంచి. ఇంగ్లీషు శుభ్రంగా ఉంది. అమ్మ క్షేమమని రాసింది. ఊళ్ళో ఉండడం లేదు, సముద్రం దాటి కూపాంగ్ పట్నంలో చిన్న గది తీసుకున్నారు. నాన్న అన్నదమ్ములు అక్కడికి కూడా రెండుసార్లు వచ్చారు. తాను నర్సింగు చదువు ఆపేసి ఫార్మసీలో పనికి పోతోంది. 'అమ్మ కెనడా వాళ్ళకు ఏం రాసిందో చదవాలని ఉంది ఆంటీ. అడిగితే తన దగ్గర లేదంటోంది. మీ దగ్గర కాపీ ఉంటే పంపగలరా?'

పంపకుండా ఉండొచ్చు. కాపీ పోయిందని చెప్పొచ్చు, ఒక కాగితం నిజంగానే పోయింది కదా, అబద్ధం కూడా సులువుగా వస్తుంది. రెండు రోజులు ఫోను తిరగేసి పెట్టాను. మూడో రోజు పద్నాలుగు పేజీలూ పంపాను.

మరుసటి రోజు జవాబు వచ్చింది.

'థాంక్యూ ఆంటీ. చదివాను. చాలా మంచి ఇంగ్లీషు. మా ఊరు పాత రోజుల్లో ఇలా ఉండేదని అమ్మమ్మ చెబుతుంది. ఒకటి అడగాలి. ఇందులో మా నాన్న ఎక్కడా లేడు. అమ్మ ఎందుకు చెప్పలేదు? ఆమెకు సిగ్గేసిందా? లేక నన్ను తీసుకెళ్ళాలని నిజంగా అనుకోలేదా?'

పని మధ్యలో చదివాను. నా ముందు ట్రేలు వరుసగా ఉన్నాయి, ఉప్పు లేనివి, మెత్తగా చేసినవి. ఆ పిల్ల పదిహేడేళ్ళు తల్లిని తెర మీదే చూసింది. ఇప్పుడు ఒకే గదిలో పడుకుంటోంది, మనసులో ఈ ప్రశ్న పెట్టుకుని. నేను జవాబు ఇవ్వకపోతే తల్లే చెప్పలేదని నమ్ముతుంది. తల్లి అయితే నా మాట ఎత్తదు. లాయరు దగ్గరే ఎత్తలేదు.

వివరంగా రాయబోయాను. మా వాడ గురించి, మా అమ్మ చెవి గురించి, నేను ఎందుకు అలా అనుకున్నానో చెబుతూ చాలా పొడుగు రాశాను. చదువుకుంటే మళ్ళీ అందంగా ఉంది. చెరిపేశాను. ఇలా పంపాను:

'మీ అమ్మ మొదటి రోజే చెప్పింది. చేత్తో రాసి తేదీ వేసి ఇచ్చింది. నేను తీసేశాను. ఆ కాగితం కూడా నేనే పోగొట్టాను. నిన్ను తీసుకురావడానికే ఆమె ఇదంతా చేసింది.'

రెండు నీలం గీతలు వచ్చాయి. పైన 'టైపింగ్' అని కాసేపు కనపడింది, పోయింది, మళ్ళీ కనపడింది. ఇంతలో ట్రేలు తీసుకెళ్ళడానికి పిలిచారు. తిరిగొచ్చి చూసేసరికి జవాబేమీ లేదు. ఆ పిల్ల ఫొటో ఉండే చోట, బ్లాక్ చేసినవాళ్ళకు కనపడే బూడిదరంగు బొమ్మ మాత్రం ఉంది. సాయంత్రం తల్లి నంబరు తెరిచి చూశాను. అక్కడా అదే బొమ్మ.